ప్రశ్న: సంఘంలో ఇంత సేవ చేస్తున్నా తృప్తి ఎందుకు ఉండడం లేదు?

అడిగిన అమ్మాయి రాసింది క్లుప్తంగా: "నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా మా చర్చి సంఘంలో పరిచర్య (సేవ) చేస్తున్నాను. శనివారం ఆసుపత్రి బయట భోజనం పొట్లాలు, ఆదివారం సండే స్కూల్, నెలకోసారి వృద్ధాశ్రమం. ఇవి కాక వాట్సాప్ గ్రూపు, ఫొటోలు, లెక్కలు అన్నీ నావే. పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము అంటారు. ఆ ధన్యత నాకేమీ తెలియడం లేదు. అలసట, చిరాకు, ఎవరూ గుర్తించడం లేదన్న బాధ, అంతే. నాది దొంగసేవా? మానేయాలా? నెల్లూరులో అమ్మ ఒక్కతే ఉంటుంది, తొమ్మిదిన్నరకే పడుకుంటుంది. నేను ఇంటికొచ్చేసరికి ఆవిడతో మాట్లాడే టైమ్ కూడా దాటిపోతోంది."

వందనాలమ్మా. నువ్వు మా అమ్మాయి కంటే చిన్నదానివి. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నా గురించి రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. గుంటూరులో నర్సింగ్ చదివాను. 33 ఏళ్లు ఉద్యోగం చేశాను, అందులో 19 ఏళ్లు కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి కుష్ఠు వార్డులో. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తుంటాను. బైబిల్ రోజూ చదువుకుంటాను గానీ దైవశాస్త్రం చదివిన మనిషిని కాదు. ఇక్కడ పాస్టరు గార్లు ఎవరైనా ఉంటే తప్పులు దిద్దండి.

నీ ప్రశ్నల్లో తేలికైనవి ముందు. దొంగసేవా అంటే కాదు. నువ్వు చిరాకు పడుతూ ఇచ్చినా ఆ పొట్లం తిన్నవాళ్ల కడుపు నిండుతుంది. అన్నానికి మన మూడ్‌తో పనిలేదు. మానేయాలా అంటే, సగం మానేయ్. ఏ సగమో తర్వాత చెప్తాను.

అసలు ప్రశ్న తృప్తి గురించి. దానికి నేనిచ్చే సమాధానం నా సొంత సిగ్గులోంచి వచ్చింది కాబట్టి ఆ సంగతే ముందు రాస్తాను.

మా వార్డులో పొద్దున ఏడింటికి పాదాల పని మొదలయ్యేది. కుష్ఠు వల్ల నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ పోతుంది. చాలామంది అనుకున్నట్టు వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి పడినా, వేడి గిన్నె తగిలినా తెలియదు కాబట్టి పుండు పడుతుంది, ఆ పుండు మీదే నడుస్తారు, అది ఎముక దాకా పోతుంది. వెల్లూరులో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతిని లోకానికి అర్థమయ్యేలా చూపించాడు. నొప్పి తెలియకపోవడమే అసలు జబ్బని ఆయన చెప్పేవాడని మా టీచర్లు చెప్పేవాళ్లు.

అందుకని రోజూ ఇదే పని. అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక టబ్బు పెట్టి, మామూలు నీళ్లలో పాదాలు ఇరవై నిమిషాలు నాననివ్వాలి. వేడినీళ్లు పనికిరావు, కాలినా వాళ్లకి తెలియదు. నానాక గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది తీయాలి. పుండ్లు ఉంటే కట్టు కట్టాలి. తడి ఆరకముందే నూనె రాయాలి, లేకపోతే మడమలు పగిలి మళ్లీ పుండ్లవుతాయి. తర్వాత వాళ్ల మెత్తటి రబ్బరు చెప్పుల్ని తిరగేసి, మేకు గానీ రాయి గానీ ఉందేమో వేలితో తడిమి చూడాలి. ఇదంతా కింద పీట మీద కూర్చుని చేసేదాన్ని. వార్డు చూడ్డానికి వచ్చిన దొరలూ, మన సంఘపెద్దలూ నన్ను చూసి "యేసయ్య చేసిన పని చేస్తున్నావమ్మా" అనేవాళ్లు. నాకూ లోపల అలాగే ఉండేది.

అక్కడ ఒక ముసలావిడ ఉండేది. పేరు రాయను, మేమంతా మామ్మ అనేవాళ్లం. రెండు చేతుల వేళ్లూ సగం లేవు, కుడికాలికి పుండు మానేది, మళ్లీ వచ్చేది. కొడుకులు ఎప్పుడూ రాలేదు. కట్టు అయిపోయాక ఆవిడ తన గదిలో కిరోసిన్ స్టవ్ మీద కాఫీ కాచి, స్టీలు గ్లాసుకి చీర చెంగు నాలుగు మడతలు చుట్టి పట్టుకుని, గుమ్మం దాకా తెచ్చి "తాగమ్మా" అనేది. నేను "ఇప్పుడే తాగొచ్చాను మామ్మా" అనేదాన్ని. మర్నాడు "కడుపులో బాగోలేదు" అనేదాన్ని. ఇంకో రోజు "డ్యూటీలో తాగకూడదు మామ్మా". ఆవిడ తలూపి, ఆ గ్లాసు తీసుకెళ్లి తనే తాగేది.

ఇలా ఆరేళ్లు.

ఆవిడ మందుల కోర్సు ఎప్పుడో పూర్తయింది. మూడు మందులు కలిపి వాడే చికిత్స 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అది మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగి నుంచి ఇంకొకరికి అంటదు. తాకితే అంటే జబ్బు కూడా కాదిది. ఊళ్లకు వెళ్లి ఈ మాటలు మైకులో చెప్పింది నేనే. పోస్టర్లు అంటించింది నేనే. కానీ ఆ గ్లాసు నోటి దాకా రాలేదు.

భయమా అంటే కొంచెం భయం. భయం ఒక్కటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. అక్కడ నేను ఇచ్చేదాన్ని, ఆవిడ పుచ్చుకునేది. ఆ వరస మారడం నాకిష్టం లేదు. కింద పీట మీద కూర్చుని కాళ్లు కడుగుతున్నా, పై మెట్టు మీద ఉన్నది నేనే.

మా అమ్మ పోయింది. భూస్థాపన అయిన నాలుగో రోజు డ్యూటీకి వచ్చేశాను, ఆ రోజుల్లో మనుషులు తక్కువ. పొద్దున్నే వార్డు మెట్ల మీద కూర్చుండిపోయాను, లేవబుద్ధి కాలేదు. మామ్మ వచ్చి ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టి తనూ కూర్చుంది. ఆలోచించలేదు, తీసి తాగేశాను. చల్లారిపోయింది, తియ్యగా పానకంలా ఉంది. ఆవిడ నా మొహం చూసి "పంచదార ఎక్కువైందా?" అంది. అంతే. తర్వాత మా అమ్మ ఏ కూర బాగా వండేదని అడిగింది. గోంగూర పచ్చిరొయ్యలు అని మొదలుపెట్టి అరగంట చెప్పాను. ఆ రోజు పాదాల పని ఆలస్యమైంది, డాక్టరు గారు కోప్పడ్డారు.

ఆ రోజుతో అలసట పోయిందని చెబితే అబద్ధం. నడుంనొప్పి అలాగే ఉంది, జీతం ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చేది. కానీ పొద్దున లేవగానే వార్డుకు వెళ్లాలనిపించేది. అంతకుముందు వెళ్లాలి కాబట్టి వెళ్లేదాన్ని. మామ్మ ఉంది కదా, నిన్న సగంలో ఆపిన కథ చెప్పాలి కదా అని వెళ్లడం మొదలైంది. తృప్తి అని నువ్వు అడుగుతున్నది ఇదే అనుకుంటాను.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పొట్లాలున్నాయి, లెక్కలున్నాయి, ఫొటోలున్నాయి. ఒక్క మనిషి కనబడలేదు. మూడేళ్లుగా ప్రతి శనివారం వెళుతున్నావు, అక్కడ కూర్చునేవాళ్లలో ఒక్కరి పేరు తెలుసా? వృద్ధాశ్రమంలో ఏ తాతగారికి టీలో చక్కెర వద్దో తెలుసా? తెలిసే ఉండొచ్చు, రాయలేదంతే. కానీ తెలియకపోతే మాత్రం, నీకు తృప్తి లేకపోవడంలో వింతేమీ లేదు. నువ్వు మనుషులకి సేవ చేయడం లేదమ్మా, ఒక షెడ్యూల్‌కి చేస్తున్నావు.

ఈ మాట వందేళ్ల కిందటే మన తెలుగు నేల మీద పనిచేసిన ఒకాయన చెప్పాడు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి వైపు తమిళుడు, బతుకంతా తెలుగువాళ్ల మధ్య గడిపాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, 1912లో. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కేథడ్రల్ ఎప్పుడైనా చూడు, కింద గుడి స్తంభాల్లా, పైన మసీదు గుమ్మటాల్లా ఉంటుంది. సరే, సంగతి అది కాదు. బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ తెల్లదొరలు. వాళ్ల ముందు నిలబడి ఆయన అన్నదాని సారం ఇది: బీదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి.

మొదటి కొరింథీ 13వ అధ్యాయం మూడో వచనం తెరిచి చూడు, ఆయన ఎక్కడినుంచి తీసుకున్నాడో తెలుస్తుంది. ఆస్తి అంతా ఇచ్చినా, శరీరం ఇచ్చినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు రాశాడు. పెళ్లిళ్లలో ఈ అధ్యాయం చదివీ చదివీ ఇది మొగుడూ పెళ్లాల సంగతి అనుకుంటున్నాం. అది పరిచర్య చేసేవాళ్లకి రాసినది. మిషనరీలు ఈ దేశంలో ఆసుపత్రులు కట్టారు, బడులు కట్టారు, కలరా వచ్చి చచ్చిపోయారు, పిల్లల్ని ఇక్కడే పాతిపెట్టుకున్నారు. అంత చేసినవాళ్లని పట్టుకుని స్నేహితులు కావాలి అని అడగవలసి వచ్చిందంటే, ఇవ్వడం వేరు, స్నేహం వేరు. నేను మాత్రం ఏం చేశాను? నేను దొరసానిని కాదు, మామ్మ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల పుట్టినదాన్ని. అయినా ఆరేళ్లు నా గ్లాసు వేరు, ఆవిడ గ్లాసు వేరు.

స్నేహంలో పుచ్చుకోవడం కూడా ఉంటుంది. మనం తప్పేది అక్కడే. యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13వ అధ్యాయం మనకి నోటికి వచ్చు. పవిత్ర గురువారం నాడు పాస్టరు అయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. ఆ పన్నెండుమందీ ఇంటి దగ్గరే సబ్బుతో కడుక్కుని, గోళ్లు తీసుకుని వస్తారనుకో. ప్రసంగం ఎప్పుడూ కడిగినాయన వైపు నుంచే ఉంటుంది, మనమూ ఇలా కడగాలి అని. పేతురు వైపు నుంచి ఎవరూ చెప్పరు. నా పాదాలు నువ్వెప్పుడూ కడగకూడదన్నాడు పేతురు. నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు (వాటా) లేదన్నాడు ప్రభువు. చేయించుకోలేని పేతుర్ని ఆయన మెచ్చుకోలేదు. పైగా ఆయన తన సంగతిలో ఎంత పుచ్చుకున్నాడో చూడు. సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు. జక్కయ్య ఇంట్లో తనే పిలుచుకుని దిగాడు. ఆయనతో తిరిగిన స్త్రీలు తమ సొంత డబ్బుతో ఆయనకీ శిష్యులకీ ఉపచారం చేశారని లూకా 8లో ఉంది. శిష్యుల కాళ్లు కడిగాక, ఆ చివరి రాత్రే, మిమ్మల్ని ఇక దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తున్నాను అన్నాడు. నేనైతే ఈ మాటని పరిచర్య అంతటికీ తాళంచెవి అనుకుంటాను. పాస్టరు గార్లు ఒప్పుకోకపోవచ్చు.

అయితే ఇచ్చుట ధన్యము అన్నది తప్పా అంటావు. తప్పు కాదు. దాన్ని మనం జీతం చేసుకున్నాం. ఇంత ఇచ్చాను, ఇంత ధన్యత రావాలి కదా, ఇంకా క్రెడిట్ కాలేదేంటి అని చూసుకుంటున్నాం.

ఇక్కడే ఇంకో మాట. తృప్తి అంటే మనసులో ఎప్పుడూ పొంగుతూ ఉండే సంతోషం అని నీకు ఎవరైనా చెప్పి ఉంటే, పక్కన పెట్టెయ్. మదర్ థెరిసా ఉత్తరాలు ఆవిడ పోయిన పదేళ్లకి, 2007లో అచ్చయ్యాయి. మన సంఘం కాకపోయినా ఆవిడని తెలియనివాళ్లెవరు? కలకత్తా మురికివాడల్లో పని మొదలుపెట్టిన కాలం నుంచి దాదాపు చివరి దాకా, యాభై ఏళ్లకు దగ్గరగా, ప్రార్థనలో ఆవిడకి చీకటి, శూన్యం తప్ప ఏమీ తెలియలేదని ఆ ఉత్తరాల్లో ఉంది. అప్పట్లో కొందరు ఇది చూసి అయితే ఆవిడ విశ్వాసం అబద్ధమే అన్నారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఏమీ తెలియకపోయినా ఆవిడ పొద్దున్నే లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్లింది. నీకు ఏమీ అనిపించడం లేదన్న ఒక్క కారణంతో నిన్ను నువ్వు కొట్టుకోకు.

కానీ ఒకటి అడుగుతాను, నర్సుగా. నిద్ర సరిగా పడుతోందా? తిండి సహిస్తోందా? ఇదివరకు ఇష్టమైనవి కూడా ఇష్టం లేకుండా పోయాయా? రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే డాక్టరుకి చూపించుకో. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఇది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చెట్టుకింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు.

ఫొటోల సంగతి. ఇది నిన్ను తిడుతున్నాననుకోకు, ఈ రోజుల్లో దాతలకు లెక్క చూపించాలి, నాకు తెలుసు. కానీ పొట్లం అందుకుంటున్న మనిషి మొహం గ్రూపులో పెట్టేముందు ఒక్క నిమిషం ఆగు. ఆసుపత్రి బయట కూర్చున్నది ఏ ఊళ్లోనో పరువుగా బతుకుతున్న రైతు. కొడుకుని ఐసీయూలో పెట్టి, డబ్బులు అయిపోయి నీ లైన్‌లో నిలబడ్డాడు. ఆ ఫొటో వాళ్ల వియ్యంకుడు చూస్తే? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఇచ్చేవాడి వినయం కోసమే అనుకుంటాం, పుచ్చుకునేవాడి పరువు కూడా దాంట్లో ఉంది. లెక్క చూపించాలంటే బియ్యం బిల్లు ఫొటో పెట్టు, వండిన డేగిశా ఫొటో పెట్టు.

స్వలాభం లేని సేవ అంటారే, అందులో సంఘం లాభం కూడా ఉండకూడదని నా అభిప్రాయం. దీనికి మన ప్రకాశం జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరపు కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతూనే ఉన్నారు. ఆయన ఆపేశాడు, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తెలియని రోజుల్లో ఇవ్వకూడదని. సహాయం పని అయిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బులేమీ లేవని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ 2,222 సంఖ్యే చెప్తారు. నాకు ఆ ముందు ఏడాది గొప్పగా కనిపిస్తుంది. లెక్క చూపించుకునే అవకాశం చేతిలో ఉండి, సున్నా చూపించిన ఏడాది.

గుర్తింపు లేదన్న బాధ గురించి పెద్దగా చెప్పను. అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలుసు కదా. ఆ అన్నా కుగ్లర్ చదువుకున్న డాక్టరు. 1883లో వస్తే మిషన్ వాళ్లు ఆవిడని డాక్టరుగా కాదు, ఆడవాళ్లకి చదువు చెప్పే పని మీద పంపారు. ఆసుపత్రి 1898లో గానీ తెరవలేదు. పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఎన్ని రాత్రులు విసుక్కుందో మనకి తెలియదు. మనం మాత్రం ఫ్లెక్సీలో పేరు చిన్నదిగా వేశారని బాధపడతాం. నేను కూడా పడ్డాను, వెండి పండగ (పాతికేళ్ల పండగ) ఫ్లెక్సీలో. నవ్వుకో.

ఇక మీ అమ్మగారి మాట. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం అదే, నువ్వేమో చివర్లో మామూలుగా రాసి వదిలేశావు. మన పెద్దవాళ్లు "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అన్నారు. క్రైస్తవులకి ఈ సామెత అంత తేలిగ్గా మింగుడుపడదు. ప్రభువు తన ప్రాణమే ఇచ్చాడు కదా, తనకు మాలినా ఇవ్వాలేమో అనిపిస్తుంది. కానీ ఆయనే మార్కు 7లో కొర్బాను సంగతి చెప్పాడు. తల్లికీ తండ్రికీ దక్కాల్సింది దేవుడికి ఇచ్చేశాను అని చెప్పి తప్పించుకునేవాళ్లని గట్టిగా తిట్టాడు. సిలువ మీద ఉండి కూడా తల్లిని ఎవరింట్లో ఉంచాలో చెప్పాడు. నేను ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలప్పుడు వార్డులో మనుషులు లేరని ఓవర్‌టైం చేశాను. లెక్కల పరీక్ష రోజు పిల్ల తనే క్యారేజీ కట్టుకుని వెళ్లింది. ఇప్పటికీ ఆ మాట అనదు. అనదు కాబట్టే నాకు గుర్తుంటుంది.

ఏ సగం మానేయాలో ఇప్పుడు చెప్తాను. గ్రూపు, ఫొటోలు, లెక్కలు ఇచ్చెయ్. నువ్వు సాఫ్ట్‌వేర్ అని నీ మీద పడేశారు, అంతే. లెక్కలు రాయగలిగే కుర్రాళ్లు మీ యవనస్తుల్లో పదిమంది ఉంటారు. సండే స్కూలో, శనివారం పొట్లాలో, రెంటిలో ఒకటి ఉంచుకో. నన్నడిగితే పిల్లల్ని ఉంచుకోమంటాను, పిల్లలతో స్నేహం తప్పించుకోవడం కష్టం. వృద్ధాశ్రమం మానకు, కానీ పద్ధతి మార్చు. నెలకోసారి ఇరవైమందితో పళ్లు పంచి, పాట పాడి, గ్రూప్ ఫొటో దిగి వచ్చేయడం వద్దు. ఒక్కదానివే వెళ్లు, ఖాళీ చేతులతో. ఖాళీ చేతులతో వెళితే మొదట చాలా ఇబ్బందిగా ఉంటుంది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఒక్కరి పక్కన గంట కూర్చో. వాళ్లని ఏదైనా అడుగు. నాకు ఫలానా పచ్చడి కుదరడం లేదు, ఎలా పెట్టాలి అని అడుగు. పాత కీర్తనల పుస్తకంలో రాగం తెలియని పాట ఒకటి నేర్పమని అడుగు. అక్కడ ముసలివాళ్లకి పళ్లు ఇచ్చేవాళ్లు చాలామంది వస్తారు. వాళ్లని ఏదైనా అడిగేవాళ్లే రారు. వాళ్లు బిస్కెట్ ఇస్తే తిను. డయాబెటిస్ లేదు కదా నీకు.

అయ్యగారితో చెప్పడం కష్టమని తెలుసు. మెసేజ్ పెట్టకు, వెళ్లి కలువు. "అయ్యగారూ, ఈస్టర్ దాకా నేను సండే స్కూల్ ఒక్కటే చూసుకుంటాను, లెక్కల పుస్తకం ఎవరికి ఇమ్మంటారో చెప్పండి" అను. కారణాలు పది చెప్పకు, చెప్తే పదింటికీ జవాబు వస్తుంది. పరిచర్యలో చల్లారిపోయావమ్మా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా వార్డులో మామ్మ కాఫీ కూడా చల్లారిపోయే ఉంది, నాకది గుర్తుండిపోయింది. అన్నీ వదిలి ఇంట్లో కూర్చోమని మాత్రం నేను చెప్పడం లేదు. మొత్తం మానేస్తే రెండు వారాలు హాయిగా ఉంటుంది, మూడో వారం నిన్ను నువ్వు తిట్టుకోవడం మొదలుపెడతావు. అది నేను చేసి చూశాను.

మూడు నెలలకి తృప్తి వస్తుందా అని అడగకు, హామీ ఇవ్వలేను. ఎవరో ఒకరి పేరు, వాళ్ల ఊరు, వాళ్లకి ఏది నచ్చదో నీకు తెలుస్తుంది. నువ్వు ఒక నెల రాకపోతే ఏమైందని వాళ్లు అడుగుతారు. అక్కడిదాకా వచ్చాక మళ్లీ ఇక్కడ రాయి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

నేనిది పోస్ట్ చేసేటప్పటికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. మీ అమ్మగారు తొమ్మిదిన్నరకి పడుకుంటారన్నావు. రిప్లై తర్వాత పెట్టొచ్చు, ముందు ఆవిడకి ఫోన్ చెయ్.